వెంటిలేటరు మూసిన చలికాలం

యలహంక,
24 నవంబరు 2024.

తమ్ముడు రాయప్పకు, అక్క దీవెనలు.

నీ ఉత్తరం అంది పది రోజులైంది. ఫోను చేసి రెండు ముక్కలు చెబుదామంటే నీ చెవులు పిండిమర ఇంజనుకు ఇచ్చేసి కూర్చున్నావు. సెల్లులో అక్షరాలు నొక్కడం మనిద్దరికీ రాదు. ఇక ఈ కాగితమే మనకు దిక్కు.

ఈసారి ఇక్కడ చలి ముందే దిగింది. ఎనిమిదైనా మంచు విడవడం లేదు. విమానాల చప్పుడు నెత్తిమీదే వినపడుతుంది, తలెత్తితే ఒక్కటీ కనపడదు. మీ బావ మోకాళ్ళు పట్టేశాయి. మేడ మీది సోలారు మబ్బు పట్టిన రోజున గోరువెచ్చని నీళ్ళు కూడా ఇవ్వడం లేదని చేతన్ దీపావళికి గ్యాస్ గీజరు కొని స్నానాల గదిలో పెట్టించాడు. తిప్పగానే సలసల కాగే నీళ్ళు. మన అమ్మ పచ్చి కట్టెలు ఊది ఊది కళ్ళు పాడుచేసుకున్న రోజులు గుర్తొచ్చాయి. గది పైనున్న వెంటిలేటరు నుంచి చలిగాలి కొడుతుంటే మనవరాలు అనూష వణికిపోయేది. ఫ్రిజ్ డబ్బాలో వచ్చిన థర్మోకోల్ ముక్క కోసి, పైన ప్లాస్టిక్ కాగితం అంటించి దాన్ని నేనే మూశాను. ఇప్పుడు లోపల పొయ్యి పక్కన కూర్చున్నట్టు వెచ్చగా ఉంటోంది.

అసలు సంగతి రాయడానికి చేయి రావడం లేదు. మొన్న శుక్రవారం మా కోడలు హర్షిత అందరి స్నానాలూ అయ్యాక తలంటుకోవడానికి వెళ్ళింది. అరగంటైనా రాలేదు. చేతన్ తలుపు కొట్టి కొట్టి, "అమ్మా, హర్షిత పలకతా లేదు" అన్నాడు. గడియ విరగ్గొట్టి చూస్తే నేల మీద పడి ఉంది. చేతులు కొట్టుకుంటున్నాయి, కళ్ళు పైకి తేలిపోయాయి. హాల్లోకి తెచ్చి పడుకోబెట్టాక పది నిమిషాలకు తెలివి వచ్చింది. తల పగిలిపోతోందంటూ వాంతి చేసుకుంది. ఆసుపత్రికి వెళ్ళేసరికి లేచి కూర్చుంది. స్కానింగులో ఏమీ కనపడలేదు. మూర్ఛ కావచ్చన్నారు.

ఆ మాట విన్నప్పటి నుంచి నాకు ఒకటే ఆలోచన. ఈ సంబంధం తెచ్చింది నువ్వు. ఆ పిల్ల తల్లి నంజమ్మ కె.ఆర్.పురం రాకముందు మీ పక్కింట్లోనే ఉండేది కదా. చిన్నప్పుడు హర్షితకు ఇట్లాంటిది ఏమైనా ఉండేదా? దాచకుండా రాయి.

మరదలిని అడిగినట్టు చెప్పు.
నీ అక్క సరోజ.

*

బాగేపల్లి,
30 నవంబరు 2024.

అక్కకు నమస్కారాలు.

ఉత్తరం మీ మరదలూ నేనూ చదివాం. హర్షిత మా కళ్ళ ముందు పెరిగిన పిల్ల. మూర్ఛ అంటే నమ్మబుద్ధి కావడం లేదు. ఒక్కసారి, ఏడో తరగతిలో, జెండా పండుగ నాడు ఎండలో నిలబడి కళ్ళు తిరిగి పడింది. నేనే భుజాన వేసుకుని ఇంటికి తెచ్చాను. పొద్దున ఏమీ తినకుండా వెళ్ళిందంతే. మజ్జిగ తాగి మళ్ళీ ఆటలకు పరుగెత్తింది. అంతకు మించి ఏమీ లేదు.

బహుశా నీరసం అయి ఉంటుంది. ఆ పిల్ల పొద్దున్నే లేచి వంట చేసి, అనూషను తయారు చేసి, స్కూటరు మీద బడికి వెళ్ళి ఇరవైమంది చంటిపిల్లలకు పాఠం చెప్పి వస్తుంది. కాస్త రాగి సంకటి, ఆకుకూర పెట్టు.

ఇక్కడ వేరుశనగ పీకడం అయిపోయింది. తుపాను వస్తుందంటున్నారు, కాయలు ఇంకా ఎండలేదు. అందరూ మేఘాల వైపు చూస్తున్నారు. వాళ్ళు ఏమనుకుంటున్నారో నాకు వినపడదు కాబట్టి నేను హాయిగా ఉన్నాను.

బావ మోకాళ్ళకు ఆముదం కాచి రాయమను.
తమ్ముడు వెంకటరాయప్ప.

*

యలహంక,
13 డిసెంబరు 2024.

రాయప్పకు,

నీ ఉత్తరంతో నాకు అన్నీ తేటపడ్డాయి. బడిలో పడిపోయిన పిల్లను భుజాన వేసుకుని ఇంటికి తెచ్చిన వాడివి, పెళ్ళి మాటలప్పుడు ఆ సంగతి ఎందుకు చెప్పలేదు? పక్కింటి వాళ్ళ మొహం చూశావు, సొంత అక్క మొహం చూడలేదు.

పోయిన శుక్రవారం మళ్ళీ అదే జరిగింది. అదే పడిపోవడం, అదే వాంతి, అదే తలనొప్పి. తలనొప్పి మాట ఈ నెలంతా వింటున్నాను. తలంటుకున్న ప్రతిసారీ వచ్చి మంచం మీద వాలిపోయేది. పని తప్పించుకోవడానికి అనుకున్నాను. ఇప్పుడు డాక్టరు మాత్రలు రాశాడు. స్కూటరు నడపకూడదన్నాడు. అవి మింగితే పగలంతా మగతే.

నేను దగ్గర కూర్చుని అడిగాను. "అత్తా, నాకు ఇంతకు ముందు ఎప్పుడూ ఇట్ల కాలేదు" అంది.

"మరి చిన్నప్పుడు బడిలో పడినావంటనే, ఏంటికి చెప్పలేదు?" అన్నాను. నా మొహంలోకి చూసింది. లేచి లోపలికి పోయింది.

వాళ్ళ బడికి వెళ్ళి హెడ్ మిస్ కావ్యతో నేనే చెప్పాను. చంటిపిల్లల మధ్య పడిపోతే ఎవరిది బాధ్యత? ఆమె ఇక రావద్దని కబురు చేసింది. మల్లేశ్వరం పెద్దత్త వాళ్ళకూ, మీ బావ అన్నదమ్ములకూ కూడా చెప్పాను. రేపు ఎవరో చెప్పుకునే బదులు మన నోటితో చెప్పడమే మేలు. ఆదివారం చేతన్ హర్షితను కె.ఆర్.పురంలో దించి వచ్చాడు. అనూషకు పరీక్షలు, అందుకని ఇక్కడే ఉంది. అక్కడికి పోయినప్పటి నుంచి హర్షిత బాగానే ఉందట, తలనొప్పి కూడా లేదట. పుట్టింట్లో లేని జబ్బు మా ఇంట్లోనే పుడుతుందా? వింటే నవ్వు వస్తోంది.

నీకు ఇక రాయడానికి నా దగ్గర ఏమీ లేదు.
సరోజ.

*

బాగేపల్లి,
17 డిసెంబరు 2024.

అక్కా,

కోపం తర్వాత పడుదువు గానీ, ముందు ఈ మాటలు చదువు.

నీ రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టుకుని నాలుగుసార్లు చదివాను. హర్షిత రెండుసార్లూ పడింది స్నానాల గదిలోనే. తలనొప్పి వచ్చేది స్నానం అయ్యాకే. పుట్టింటికి పోగానే నయమైంది. వెంటిలేటరు మూశానని నువ్వే రాశావు.

మర తెరిచిన కొత్తలో బేబీ అని ఒకామె పిండి జల్లెడ పట్టేది. ఒక చలికాలం గాలి కొడుతోందని షెడ్డు తలుపులన్నీ మూసి డీజిలు ఇంజను నడిపాం. బేబీ పది రోజుల్లో రెండుసార్లు పడిపోయింది. అందరూ మూర్ఛ అన్నారు. యజమాని రావద్దని చెప్పమంటే, ఆమెకు ఆ మాట చెప్పింది నేనే. తర్వాత వారానికి నేనే పడ్డాను. మెకానిక్కు వచ్చి చూస్తే ఇంజను పొగగొట్టం అతుకు ఊడి, పొగ షెడ్డులోకే వస్తోంది. మంట సరిగ్గా కాలనప్పుడు పుట్టే ఆ విషం కంటికి కనపడదు, ముక్కుకు తెలియదు, నెత్తురులోకి ఎక్కి మనిషిని పడగొడుతుందని అతను చెప్పాడు. గ్యాస్ గీజరులో ఉండేదీ మంటే కదా అక్కా. గాలి రాని గదిలో, అందరి నీళ్ళూ కాగిన తర్వాత, ఆఖరున వెళ్ళి తలుపు మూసుకుని అరగంట తలంటుకునేది ఆ పిల్ల ఒక్కతే.

థర్మోకోల్ తీసేయండి. గీజరును బయట పెట్టించండి. హర్షిత తిరిగి ఆ ఇంటికి రాకముందే ఈ పని కావాలి. ఉత్తరం ఆలస్యమైతే అని మెడికల్ షాపు ఓంకార్ చేత రేపు నీకు ఫోను చేయిస్తున్నాను.

నా మీద కోపం ఉంటే ఉండనీ.
రాయప్ప.

*

యలహంక,
29 డిసెంబరు 2024.

రాయప్పా,

నీ పదిహేడో తేదీ ఉత్తరం నిన్న విప్పాను. వచ్చిన రోజే కవరు మీద నీ అక్షరాలు చూసి బీరువా మీద పడేశాను. ఓంకార్ ఫోను చేసినప్పుడు, "మాటలుంటే ఆయప్పనే వచ్చి చెప్పమను" అని పెట్టేశాను. అతను ఏదో గీజరు, గీజరు అంటూనే ఉన్నాడు.

మరుసటి ఆదివారం, ఇరవైరెండున, అనూషకు నూనె పెట్టి తలంటడానికి తీసుకువెళ్ళాను. హర్షిత ఉంటే ఆ పని ఆమెదే. అప్పటికి మీ బావ స్నానం, బట్టలకు వేడినీళ్ళు, అన్నీ అయ్యాయి. గీజరు గంట నుంచి మండుతూనే ఉంది. చలని తలుపు దగ్గరగా వేశాను. కుంకుడు పులుసు రుద్దుతుంటే పిల్ల, "అవ్వా, కాళ్ళు మెత్తగా ఐతా ఉండాయి" అంది.

"సుమ్నే కదలకుండా కూర్చో, అయిపొయ్యింది" అన్నాను.

రాయప్పా, అదే మాట అన్నాను. కాసేపటికి దాని తల నా మోకాలి మీదికి వాలింది. కుంకుడు కళ్ళలో పడిందేమో అనుకున్నాను. పిలిచాను. పలకలేదు. లేద్దామంటే నా కాళ్ళు నావి కావు. అరుద్దామంటే గొంతు రాలేదు. చేతికి అందిన చెంబు తలుపుకేసి విసిరాను. అంతవరకే నాకు తెలుసు.

చప్పుడు విని మీ బావ వచ్చారు. ఆ మోకాళ్ళతోనే ముందు పిల్లను, తర్వాత నన్ను ఈడ్చుకొచ్చి వసారాలో పడేశారు. పై ఇంట్లో అద్దెకున్న కిరణ్మయి కారులో వేసుకుని ఆసుపత్రికి తీసుకుపోయింది. వేరే ఆసుపత్రి. అక్కడ ఒక చిన్న వయసు డాక్టరమ్మ నా మొహాన ఆక్సిజన్ పెడుతూనే అడిగింది: "ఇంట్లో గ్యాస్ గీజరు ఉండాదా అమ్మా? లోపలే ఉండాదా?" తల ఊపాను. రక్తం పరీక్ష చేసి చెప్పింది, కార్బన్ మోనాక్సైడ్ అని. ఇంట్లో ఇంకెవరైనా ఇట్లా పడ్డారా అని అడిగింది. నేను చేతన్ వైపు చూశాను. చేతన్ చెప్పాడు.

అనూషకు మర్నాటి దాకా తెలివి రాలేదు. ఐదో రోజుకు ఇంటికి పంపారు. మాట్లాడుతోంది, తింటోంది. పెన్సిలు పట్టుకుంటే మాత్రం చేయి వణుకుతోంది. తగ్గుతుందనే అంటున్నారు, కొన్ని నెలలు చూడాలన్నారు. హర్షిత ఆసుపత్రికి వచ్చింది. ఐదు రోజులూ పిల్ల మంచం వదలలేదు. పిల్లను తీసుకుని అటు నుంచి అటే కె.ఆర్.పురం వెళ్ళిపోయింది.

ఇక ఇది ఎవరికీ చెప్పనిది. గీజరు బిగించిన హరీశ్ ఆ రోజే, "అమ్మా, దీన్ని వెనక వసారాలో పెట్టుకోండి, లోపల వద్దు" అన్నాడు. వానకు తుప్పు పడుతుందని నేనే లోపల పెట్టమన్నాను. "అట్లయితే ఆ వెంటిలేటరు ఎప్పుడూ మూయొద్దండి" అని రెండుసార్లు చెప్పాడు. సరేనన్నాను. చలి రాగానే మూశాను. మీ బావ తల పైకెత్తి చూసే మనిషి కాదు, చేతన్‌కు ఇల్లు పట్టదు. హర్షితకు తెలుసు, తెలిసినా అది ప్రమాదమని తెలియదు. ఆసుపత్రి నుంచి వచ్చి నేను చేసిన మొదటి పని ఆ థర్మోకోల్ పీకి చెత్తబండిలో వేయడం.

ఇప్పుడు చేతన్ హరీశ్ మీద పోలీసు కంప్లెయింటు ఇస్తానంటున్నాడు. సరిగ్గా బిగించలేదని, ఏమీ చెప్పలేదని కాగితం రాసి పెట్టాడు. నేను ఎదురుగా కూర్చుని బియ్యం ఏరుతున్నాను.

నాకు ఏం చేయాలో తోచడం లేదు.
అక్క.

*

బాగేపల్లి,
2 జనవరి 2025.

అక్కా,

పిల్ల బతికింది. ముందు అది తలుచుకో.

నీ కోపం చూసి నాకూ కోపం వచ్చింది. ఓంకార్ ఫోను పెట్టేశావని చెప్పినప్పుడు బస్సెక్కి ఉంటే రెండు గంటల్లో మీ గుమ్మంలో ఉండేవాడిని. హర్షిత అక్కడ లేదు కదా, ఇక భయమేముంది అనుకున్నాను. ఆ గదిలో మీరందరూ స్నానం చేస్తారని నాకు తట్టలేదు. తట్టలేదా, తట్టనివ్వలేదా అని రోజూ నన్ను నేనే అడుగుతున్నాను.

బేబీ సంగతి నీకు సగమే రాశాను. ఇంజను లోపం తెలిశాక ఆమె ఇంటికి వెళ్ళి, అమ్మా నీకు మూర్ఛ లేదు అని చెప్పాలనుకున్నాను. ఇవాళ, రేపు అనుకుంటూనే ఉన్నాను. ఈలోగా వాళ్ళు ఊరు విడిచిపోయారు. మూర్ఛ మనిషని మొగుడు వదిలేశాడని తర్వాత ఎవరో చెప్పారు. ముప్పై ఏళ్ళైంది. ఆమె ఎక్కడుందో నాకు తెలియదు.

హర్షిత ఎక్కడుందో నీకు తెలుసు. చేతన్ ఆ కాగితం స్టేషనుకు తీసుకుపోకముందే చెప్పు. మాత్రలు మాత్రం ఆ పిల్లను తనంతట తాను మానవద్దను, ఆ డాక్టరమ్మకు చూపించి ఆమె చెప్పినట్టు చేయమను.

నేను రమ్మంటే వస్తాను. రావద్దన్నా వస్తాను.
రాయప్ప.

*

యలహంక,
10 ఫిబ్రవరి 2025.

తమ్ముడికి,

నువ్వు వచ్చి వెళ్ళాక జరిగినదంతా రాస్తున్నాను.

ఆ రోజు నీ ముందు చేతన్‌కు చెప్పినప్పుడు వాడు ఏమన్నాడో నీకు వినపడలేదు, నేనూ నీకు చెప్పలేదు. "అమ్మా, నెల రోజులు మనం హర్షితను మూర్ఛ మనిషని అన్నాము గదమ్మా. నేనే బండిలో వేసుకోని దించి వచ్చినా గదా" అన్నాడు. కంప్లెయింటు కాగితం చింపేశాడు. ఆ తర్వాత నాతో అవసరమైన మాటే మాట్లాడుతున్నాడు. నేను కూడా ఎక్కువ అడగడం లేదు.

హరీశ్‌ను పిలిపించాం. గీజరు విప్పి వెనక వసారాలో బిగించి, అక్కడి నుంచి లోపలికి పైపు వేశాడు. పోతూ పోతూ వెంటిలేటరు వైపు ఒకసారి చూశాడు. నన్ను నాలుగు మాటలు అని పోయినా బాగుండేది.

కె.ఆర్.పురం ఒంటరిగానే వెళ్ళాను. నంజమ్మ కాఫీ తెచ్చి ముందు పెట్టి నిలబడే ఉంది. అంతా చెప్పాను. హరీశ్ మాట కూడా దాచలేదు. "వదినా, నా బిడ్డకు తన ఒంటి మీద తనకే నమ్మకం పోయింది. నీళ్ళు పోసుకోను బచ్చలింటికి పోతే తలుపు వేసుకోదు, నన్ను ఎదురుగా కూర్చోమంటాది" అంది నంజమ్మ.

హర్షిత గోడకు ఆనుకుని విన్నది. చివరికి, "అత్తా, మీరు మూసినారని నాకు కోపం లేదు. చలికి ఎవరైనా మూస్తారు. ఎప్పుడూ ఇట్ల కాలేదని నేను చెప్తా ఉంటే మీరు నమ్మలేదు. అది మరిచిపోయేదానికి అయితా లేదు" అంది.

లేచి వచ్చేశాను.

మల్లేశ్వరం వెళ్ళాను. మీ బావ అన్నదమ్ముల ఇళ్ళకు వెళ్ళాను. మూర్ఛ అని చెప్పినప్పుడు అందరూ పని ఆపి విన్నారు. ఇప్పుడు, గ్యాసు వల్ల అయ్యింది, తప్పు నాది అని చెబితే సగం మంది టీవీ చూస్తూ విన్నారు. పెద్దత్త అయితే, "ఏదో ఒకటి ఉండే ఉంటాదిలే సరోజా" అంది. లేదని మూడుసార్లు చెప్పి వచ్చాను. ఎంతవరకు నమ్మిందో తెలియదు. బడికీ వెళ్ళాను. ఆ ఉద్యోగంలోకి వేరే అమ్మాయి వచ్చేసింది. జూన్‌లో చూద్దామంది కావ్య. ఆ మాటతో గేటు దాటి బయటికి వచ్చాక కాసేపు ఫుట్‌పాత్ మీద కూర్చుండిపోయాను.

అనూష చేయి వణుకు తగ్గుతోంది. అక్షరాలు గీత మీద నిలుస్తున్నాయి. డాక్టరమ్మ హర్షిత మాత్రలు కొద్దికొద్దిగా తగ్గించి పోయిన వారం పూర్తిగా మాన్పించింది.

నిన్న, ఆదివారం, హర్షిత పిల్లను తీసుకుని వచ్చింది. ఉండటానికి కాదు, అనూష బడి పుస్తకాల కోసమని చెప్పింది. మధ్యాహ్నం భోంచేశారు. నేను వడ్డించాను, ఆమె తింది. సాయంత్రం పోయేముందు, బస్సు దుమ్ము, స్నానం చేస్తానంది. వసారాలోకి వెళ్ళి తానే గీజరు వెలిగించి, రెండు బకెట్లు నింపుకుని, గీజరు ఆర్పేసి, సిలిండరు కూడా కట్టేసింది. వెంటిలేటరు కింద నిలబడి అరచేయి పైకెత్తి గాలి వస్తోందా అని చూసింది. తర్వాత తలుపు దగ్గర చాలాసేపు ఆగిపోయింది. నేను వంటింట్లోకి తప్పుకుందామని లేచాను.

"అత్తా, మీరు ఈడే కూర్చుంటారా?" అంది.

పీట తెచ్చుకుని గుమ్మం పక్కన కూర్చున్నాను. తలుపు మూసింది. గడియ వేయలేదు, కానీ మూసింది. చెంబు చప్పుడు వినపడినంతసేపు ఊరుకున్నాను. చప్పుడు ఆగింది.

"హర్షితా" అని పిలిచాను.

"ఉండాను అత్తా" అంది.

మళ్ళీ నీళ్ళ చప్పుడు. మళ్ళీ నిశ్శబ్దం. మళ్ళీ పిలిచాను. ఎన్నిసార్లు పిలిచానో లెక్క లేదు రాయప్పా. విసుక్కుంటుందేమో అనుకున్నాను. ప్రతిసారీ పలికింది.

మీ అక్క.